ఈ ఎరుపు ఎవరి కోసం?

పోయిన సెమిస్టర్‌లో మా మినీ ప్రాజెక్ట్ ఒక ట్రావెల్ సేఫ్టీ మ్యాప్. ఐడియా సింపుల్. ప్రపంచంలో పేరున్న బీచ్ ఊళ్లు ఒక 200 తీసుకుని ఒక్కోదానికి ఒక్కో రంగు వెయ్యాలి. పచ్చ అంటే నిశ్చింతగా వెళ్లొచ్చు. పసుపు అంటే కాస్త జాగ్రత్త. ఎరుపు అంటే వద్దు. దేశాల ప్రభుత్వాలు తమ జనాలకి ఇచ్చే ట్రావెల్ అడ్వైజరీలు, హత్యల రేట్లు కలిపి ఒక ఫార్ములా రాశాం. నలుగురం అక్షర క్రమంలో ఊళ్లు పంచుకున్నాం. నాకు మొదటి యాభై వచ్చాయి. వాటిలో పైనే ఉంది అకపుల్కో. మెక్సికో దేశం, పసిఫిక్ తీరం, గెరెరో రాష్ట్రం.

దానికి రంగు వెయ్యడానికి నాకు ఒక్క సెకను కూడా పట్టలేదు. అమెరికా వాళ్ల అడ్వైజరీలో గెరెరో రాష్ట్రం మొత్తం లెవెల్ 4. అంటే ఆఖరి లెవెల్, 'ప్రయాణం చెయ్యొద్దు'. ఇఫ్ లెవెల్ ఈక్వల్స్ 4, కలర్ ఈక్వల్స్ రెడ్. అయిపోయింది, తర్వాత ఊరు.

వైవాలో మా మేడమ్ ల్యాప్‌టాప్ తన వైపు తిప్పుకుని ఆ ఎర్ర చుక్క మీద క్లిక్ చేశారు. "ఇక్కడికి ప్రయాణం మానుకోండి" అని వచ్చింది. "బానే ఉంది. ఆ ఊళ్లోనే ఉండేవాళ్లు మీ యాప్ ఓపెన్ చేస్తే వాళ్లకి ఏం చూపిస్తుంది?" అని అడిగారు. మేం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. చూపించేది అదే కదా. 2020 జనాభా లెక్కల ప్రకారం దాదాపు 7 లక్షల 80 వేల మంది ఉన్న మున్సిపాలిటీ అది. పుట్టిన ఊళ్లో కూర్చున్నవాళ్లకి మా యాప్ 'ఇక్కడికి రాకండి' అని చెప్తుంది!

మార్కులు పర్లేదు, వచ్చాయి. కానీ ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు. సెలవుల్లో ఆ ఊరి గురించి దొరికింది దొరికినట్టు చదివాను. చదివాక నాకొక అభిప్రాయం ఏర్పడింది. మన పత్రిక కోసం దాన్ని తెలుగులో రాద్దామని కూర్చున్నాను. నాది ఎల్‌కేజీ నుంచి ఇంగ్లీష్ మీడియమే కాబట్టి తప్పులుంటే సర్దుకుపోండి.

నా అభిప్రాయం ఇది: టూరిస్టుని మాత్రమే కాపాడాలనుకునే ఊరు చివరికి టూరిస్టుని కూడా కాపాడలేదు. భద్రత అనేది ముందు ఆ ఊళ్లో ఉండేవాళ్లకి దక్కాలి. ఇంట గెలిచి రచ్చ గెలవమని మనవాళ్లు ఊరికే అనలేదు.

ముందు ఆ ఊరి గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే ఎర్ర చుక్కలో అదేమీ కనపడదు. అకపుల్కో అంటే గుండ్రంగా లోపలికి వచ్చిన అందమైన అఖాతం, దాని చుట్టూ కొండలు. 1565 నుంచి 1815 దాకా, 250 ఏళ్లపాటు, ఫిలిప్పీన్స్‌లోని మనీలా నుంచి స్పెయిన్ వాళ్ల పెద్ద పెద్ద ఓడలు పసిఫిక్ దాటి ఇక్కడికే వచ్చేవి. చైనా పట్టు, పింగాణీ, సుగంధ ద్రవ్యాలతో పాటు మన కోరమాండల్ తీరంలో నేసిన నూలు బట్టలు కూడా మనీలా మీదుగా వెళ్లేవి. అంటే మన వైపు మగ్గాల మీద నేసిన గుడ్డ అకపుల్కో రేవులో దిగింది. ఈరోజుకీ మెక్సికోలో ఒక మామిడి రకం పేరు మనీలా. అకపుల్కో బీచ్‌లో అమ్మే ఫేమస్ తినుబండారం ఏంటో తెలుసా? చింతపండు మిఠాయి! అది చదివాక ఆ ఊరు నాకు అంత దూరంగా అనిపించలేదు.

ఇంకో మాట. ఈ ఊళ్లో సెక్యూరిటీ అనేది మొదటి నుంచీ వస్తువులకే. సముద్రపు దొంగలు ఓడల్లో సరుకు దోచుకోకుండా 17వ శతాబ్దంలోనే రేవు పక్కన సాన్ డియెగో అనే కోట కట్టారు. 1776 భూకంపంలో అది దెబ్బతింటే మళ్లీ కట్టారు. ఐదు మూలల నక్షత్రం ఆకారంలో ఇప్పటికీ ఉంది, మ్యూజియం చేశారు. కోట కాపాడింది పట్టుని, వెండిని.

1940ల చివర్లో మిగెల్ అలెమాన్ అధ్యక్షుడిగా ఉన్నప్పుడు సరుకు స్థానంలోకి టూరిస్ట్ వచ్చాడు. అఖాతం చుట్టూ వెడల్పాటి రోడ్డు వేసి దానికి ఆయన పేరే పెట్టుకున్నారు. అదే కోస్తేరా. దాని వెంట హోటళ్లు లేచాయి. 1953లో కెనెడీ దంపతులు హనీమూన్‌కి వచ్చారు. 1957లో ఎలిజబెత్ టేలర్ ఇక్కడ పెళ్లి చేసుకుంది. 1963లో ఎల్విస్ ప్రెస్లీ హీరోగా అకపుల్కో పేరుతోనే సినిమా వచ్చింది. తమాషా ఏంటంటే ఎల్విస్ ఆ ఊళ్లో అడుగే పెట్టలేదు. అతని సీన్లు హాలీవుడ్ స్టూడియోలో తీసి, ఊరి షాట్లు డూప్‌తో లాగించారు. మనం కూడా ఆ ఊరిని అలాగే చూస్తున్నామేమో అనిపించింది నాకు. వెళ్లకుండా, దూరం నుంచి, ఒకప్పుడు రంగుల్లో, ఇప్పుడు ఎరుపులో.

హోటళ్లు కట్టిందెవరు? గదులు ఊడ్చేదెవరు? గెరెరో పల్లెల నుంచి పని కోసం వచ్చినవాళ్లు. వాళ్లకి కోస్తేరా మీద జాగా ఎక్కడుంటుంది! అఖాతం చుట్టూ ఉన్న కొండల మీద గుడిసెలు వేసుకున్నారు. 1980లో ఆ కొండల్ని ఎల్ వెలాదెరో అనే నేషనల్ పార్కుగా ప్రకటించి, చాలా కుటుంబాలని కొండకి అవతల వైపు, సముద్రం కనపడని చోటికి తరలించారు. ఆ కాలనీ పేరు సియుదాద్ రెనాసిమియెంతో. అర్థం 'పునర్జన్మ నగరం'. పేరు పెట్టడంలో ప్రభుత్వాలు ఎక్కడైనా దిట్టలే. పార్కు పెట్టడం తప్పని నేననను, కొండల మీద వానలకి ప్రమాదం నిజమే. కానీ ఊరు రెండు ముక్కలైంది. టూరిస్టు చూసే ముక్క, టూరిస్టు చూడని ముక్క. నా ఉద్దేశంలో అసలు కథ ఇక్కడే మొదలైంది.

తర్వాతి భాగం మీకు వార్తల్లోనో సిరీస్‌లలోనో తెలిసే ఉంటుంది. మాదకద్రవ్యాల దారిలో పసిఫిక్ రేవు, వెనక నల్లమందు పండే కొండలు. 2006 డిసెంబర్‌లో అధ్యక్షుడు కాల్దెరోన్ సైన్యాన్ని దించి ముఠాల మీద యుద్ధం ప్రకటించారు. 2009 డిసెంబర్‌లో ఈ ప్రాంతంలో పట్టున్న ముఠా నాయకుడు ఆర్తురో బెల్త్రాన్ లేవా నౌకాదళం చేతిలో చనిపోయాడు. చాలామంది పీడ విరగడైందనుకున్నారు. జరిగింది ఇంకోటి. పెద్ద ముఠా పగిలి చిన్న చిన్న ముఠాలయ్యాయి. దేశాలు దాటించి సరుకు అమ్మే స్థోమత వాటికి లేదు. అందుకని దగ్గర్లో ఉన్న డబ్బు మీద పడ్డాయి. టాక్సీ వాడి దగ్గర, రొట్టెల కొట్టు దగ్గర, చిన్న హోటల్ దగ్గర వారం వారం వసూలు. అక్కడ దాన్ని 'పీసో' అంటారు, అంటే నేల. నువ్వు నిలబడ్డ నేలకి మాకు కప్పం కట్టు అని.

2011లో ఈ కప్పం టీచర్ల దాకా వచ్చింది. జీతాల్లో వాటా ఇవ్వకపోతే చంపేస్తామని బెదిరింపులు. టీచర్లు పనికి రామన్నారు. అకపుల్కోలో వందకి పైగా స్కూళ్లు మూతపడ్డాయి. ఒక్కసారి ఊహించండి. మనం బంద్ వస్తే సెలవు దొరికిందని సంబరపడే బ్యాచ్ కదా. అక్కడ పిల్లలు సెలవుకి భయపడ్డారు.

2012లో మెక్సికోకి చెందిన ఒక పౌర సంస్థ వేసిన ప్రపంచ జాబితాలో హత్యల రేటులో అకపుల్కో రెండో స్థానంలో ఉంది. లక్ష మందికి దాదాపు 143. మన దేశంలో ఆ లెక్క లక్షకి 3 లోపే ఉంటుంది. 2018 సెప్టెంబర్‌లో అయితే ముఠాలు లోపలికి చొరబడ్డాయన్న అనుమానంతో నౌకాదళం వచ్చి ఊరి పోలీసులందరి ఆయుధాలూ లాగేసుకుంది. ఒకరిద్దరివి కాదు, మొత్తం డిపార్ట్‌మెంట్‌వి. దొంగ ఇంట్లో పడితే పోలీసుకి ఫోన్ చేస్తాం. పోలీసునే నమ్మలేనప్పుడు ఎవరికి చెయ్యాలి?

ఇంత జరుగుతున్నా కోస్తేరా మీద ఏ లోటూ ఉండకూడదు. తుపాకులతో సైనికులు, బీచ్‌లో గస్తీ, పండగ సీజన్‌కి ముందు అదనపు బలగాలు. మెక్సికో సిటీ నుంచి వీకెండ్‌కి వచ్చేవాళ్లు హాయిగా ఈత కొట్టి వెళ్లాలి. పైన పటారం, లోన లొటారం. ప్రభుత్వం వాదన నాకు అర్థమౌతుంది. టూరిస్టు రాకపోతే ఊరికి తిండి లేదు, కాబట్టి ముందు టూరిస్టు వచ్చే రోడ్డు కాపాడాలి. వినడానికి లాజిక్ కరెక్ట్. కానీ హోటల్లో పక్క సర్దే ఆవిడ రాత్రి డ్యూటీ దిగి కొండ అవతలికి వెళ్లాలి. ఆవిడ ఎక్కే బస్సు డ్రైవర్ కప్పం కట్టాలి. కట్టకపోతే బస్సు తగలబెడతారు. 2024 మొదట్లో సరిగ్గా ఇదే జరిగింది. బెదిరింపులకి భయపడి బస్సులు, టాక్సీలు తిరగడం మానేశాయి. బస్సు రాకపోతే ఆవిడ పనికి రాలేదు, ఆవిడ రాకపోతే గది తయారవ్వదు. కోస్తేరాని కొండ వెనక వైపు నుంచి ఎవరూ విడదీయలేరు. మన భాషలో చెప్పాలంటే ఫ్రంట్ ఎండ్ ఎంత మెరిసినా బ్యాక్ ఎండ్ కూలిపోతే సైట్ ఓపెన్ అవ్వదు.

ఇక ఓటిస్. నన్ను ఎక్కువగా కదిలించింది ఇదే.

మాది విశాఖ. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ వచ్చినప్పుడు నాకు ఎనిమిదేళ్లు. కిటికీ అద్దాలు పగలడం, వారం దాకా కరెంటు లేకపోవడం, పాల ప్యాకెట్ కోసం నాన్న పొద్దున్నే క్యూలో నిలబడటం గుర్తున్నాయి. కానీ ఇంకోటి కూడా గుర్తుంది. తుఫాను వస్తుందని మాకు రోజుల ముందే తెలుసు. నాన్న బియ్యం, కొవ్వొత్తులు, మంచినీళ్ల క్యాన్లు తెచ్చి పెట్టారు. కింద ఫ్లోర్‌లో అంకుల్ వాళ్లింటికి అందరం వెళ్లి పడుకున్నాం.

అకపుల్కో వాళ్లకి ఆ టైం దొరకలేదు. 2023 అక్టోబర్ 24 పొద్దున ఓటిస్ ఇంకా ఒక మామూలు తుఫాను. అదే రోజు రాత్రికి అది ఐదో కేటగిరీ హరికేన్ అయింది. 24 గంటల్లో గాలి వేగం గంటకు దాదాపు 185 కిలోమీటర్లు పెరిగింది. అర్ధరాత్రి దాటగానే గంటకు 260 కిలోమీటర్ల గాలితో ఊరి మీద పడింది. కంప్యూటర్ మోడల్స్ ఏవీ దీన్ని పసిగట్టలేకపోయాయి. అమెరికా హరికేన్ సెంటర్ వాళ్లు ఇదొక పీడకల లాంటి పరిస్థితి అని ఆ రాత్రి బులెటిన్‌లో రాశారు. కనీసం 50 మంది చనిపోయారు, ఇంకొందరు ఏమయ్యారో తెలియలేదు.

పోయినవాళ్లలో చాలామంది పడవల మీద పనిచేసేవాళ్లు. తుఫాను వస్తే యజమానుల యాట్‌లు ఒడ్డుకి కొట్టుకోకుండా చూసుకోడానికి కెప్టెన్లు, పనివాళ్లు వాటిలోనే ఉండటం అక్కడ అలవాటు. చిన్న తుఫానే అనుకుని ఎక్కారు. యజమానులు మాత్రం ఒడ్డున, వేరే ఊళ్లలో ఉన్నారు. ఇది చదివినప్పుడు ల్యాప్‌టాప్ మూసేసి కాసేపు బాల్కనీలో కూర్చున్నాను. సాన్ డియెగో కోట గుర్తొచ్చింది. 400 ఏళ్ల తర్వాత కూడా వస్తువుని కాపాడటానికి మనిషిని పెడుతున్నారు.

తెల్లారేసరికి ఊరికి రోడ్డు లేదు, ఫోన్ లేదు, కరెంటు లేదు. మెక్సికో సిటీ నుంచి రోడ్డు మీద బయల్దేరిన దేశాధ్యక్షుడి జీపే బురదలో కూరుకుపోయింది. దుకాణాలు లూటీ అయ్యాయి. మొదట నీళ్లు, తిండి. తర్వాత ఫ్రిజ్‌లు, టీవీలు కూడా. తర్వాత వేలమంది సైనికులు వచ్చారు. నాలుగు నెలలు తిరక్కుండానే, 2024 ఫిబ్రవరిలో, అక్కడ అంతర్జాతీయ టెన్నిస్ టోర్నమెంట్ జరిగింది. ఏప్రిల్‌లో దేశంలోనే పెద్ద టూరిజం మేళా జరిగింది. నేను దాన్ని వెక్కిరించను. పని దొరికిందంటే ఎంతోమందికి అన్నం దొరికినట్టే. కానీ స్టేడియం నాలుగు నెలల్లో లేచి నిలబడగలిగితే, కొండ మీద ఇళ్ల పైకప్పులకి అదే వేగం ఎందుకుండదు అని మాత్రం అడగాలనిపిస్తుంది. ఆ సెప్టెంబర్‌లోనే జాన్ అనే ఇంకో హరికేన్ వచ్చి రోజుల తరబడి వాన కురిపించి ఊరిని మళ్లీ ముంచింది.

ఇవన్నీ చదివాక నాకు కనిపించింది ఒకటే ప్యాటర్న్. హెచ్చరిక వెళ్తోంది, కానీ ప్రమాదంలో ఉన్నవాడికి చేరట్లేదు. ఇంకో ఉదాహరణ చెప్తాను. మెక్సికోకి మంచి భూకంప అలర్ట్ సిస్టమ్ ఉంది, 1991లో మొదలైంది. దాని మొదటి సెన్సర్లు పెట్టింది గెరెరో తీరం పొడవునా. సైరన్ మోగింది మెక్సికో సిటీలో. తీరంలో భూమి కదిలితే, 300 కిలోమీటర్ల అవతల ఉన్న రాజధానికి దాదాపు ఒక నిమిషం టైం దొరుకుతుంది. ఇంజనీరింగ్‌గా అది గొప్ప పని, ఎన్నో ప్రాణాలు కాపాడేది. ఇప్పుడు అకపుల్కోకి కూడా అలర్ట్ ఉంది. కానీ భూకంపం పక్కనే పుడితే సైరన్‌కీ కుదుపుకీ మధ్య టైమే ఉండదు, అది ఫిజిక్స్, ఎవరి తప్పూ కాదు. అయినా ఆ బొమ్మ నా మనసులో ఉండిపోయింది. ప్రమాదం ఇక్కడ, హెచ్చరిక అక్కడ. ట్రావెల్ అడ్వైజరీ కూడా అంతే కదా. ప్రమాదం రెనాసిమియెంతోలో, హెచ్చరిక అమెరికాలో ఉన్నవాడి ఫోన్‌లో.

ఈ మాటలన్నీ మా టీమ్‌లో చెప్తే ఒక ఫ్రెండ్ గట్టిగా ఎదురు తిరిగింది. "నువ్వు చెప్పేది వినడానికి బాగుంది. కానీ నేను రేపు ఒంటరిగా ఎక్కడికైనా వెళ్తే నాకు ఆ ఎర్ర చుక్క కావాలి. నా ప్రాణం పణంగా పెట్టి ఆ ఊరి టూరిజం నేను బాగుచెయ్యాలా?" అంది. ఆ అమ్మాయి చెప్పింది నిజమే. అడ్వైజరీలు ఎత్తెయ్యాలని నేననను. అకపుల్కో సేఫ్ అని అబద్ధం చెప్పి మనుషుల్ని పంపడం పాపం. నా గొడవ ఎరుపుతో కాదు. ఎరుపు వేసి చేతులు దులుపుకోవడంతో.

మా ఫార్ములాలో ఇంకో పెద్ద తప్పు కూడా ఉంది. అది ఒప్పుకోవాలి. మేం వాడింది పోలీసు రికార్డుల్లోకి ఎక్కిన నేరాలని. మెక్సికో ప్రభుత్వ గణాంక సంస్థ ఇనేగీ ఏటా ఇళ్లకి వెళ్లి సర్వే చేస్తుంది. దాని ప్రకారం ఆ దేశంలో 90 శాతానికి పైగా నేరాలు ఫిర్యాదు దాకానో, కేసు దాకానో రావు. అంటే మా డేటా సెట్‌లో నేరం తక్కువ ఉన్న ఊరు నిజంగా ప్రశాంతమైనది కావచ్చు, లేదా జనం నోరు విప్పడానికి భయపడే ఊరు కావచ్చు. రెండిటికీ మా యాప్ ఒకే పచ్చ రంగు వేస్తుంది. గార్బేజ్ ఇన్, గార్బేజ్ అవుట్ అని ఫస్ట్ ఇయర్‌లో నేర్చుకున్నాం, పరీక్షలో రాశాం, ప్రాజెక్టులో మర్చిపోయాం.

అదే సంస్థ మూడు నెలలకోసారి ఇంకో సర్వే చేస్తుంది, పెద్ద నగరాల్లో. అకపుల్కో కూడా అందులో ఉంది. అడిగే ప్రశ్నలు చూస్తే మనింట్లో మాటల్లా ఉంటాయి. మీ ఊళ్లో ఉండటం మీకు సేఫ్‌గా అనిపిస్తోందా? బస్సులో? ఏటీఎం దగ్గర? నేరాల భయంతో రాత్రి 8 తర్వాత ఇంటి చుట్టుపక్కల నడవడం మానేశారా? పిల్లల్ని బయటికి పంపడం మానేశారా? చుట్టాలింటికి వెళ్లడం మానేశారా?

నాకు ఇవే అసలైన కొలతలు అనిపించాయి. ఒక ఊళ్లో జనం రాత్రి 8 దాటాక చుట్టాలింటికి వెళ్లొస్తున్నారంటే అక్కడికి టూరిస్టు కూడా వెళ్లొచ్చు. సైనికులున్నారు కాబట్టి టూరిస్టు వెళ్తున్నాడంటే, జనం ధైర్యంగా ఉన్నారని అర్థం కాదు. ఒక రోడ్డుని కాపాడటానికి సైన్యం సరిపోతుందేమో. ఊరిని కాపాడాలంటే జనం నమ్మే పోలీసు కావాలి, కప్పం కట్టనక్కర్లేని బస్సు కావాలి, మూతపడని స్కూలు కావాలి, తుఫాను ముందు పడవ దిగిపోయే హక్కు పనివాడికి కావాలి. ఇవన్నీ ఖర్చుతో, టైంతో కూడుకున్నవి, ఫోటోల్లో కనపడవు కూడా. అందుకే ప్రభుత్వాలు ముందు బీచ్‌లో తుపాకీ నిలబెడతాయి.

పంతొమ్మిదేళ్లకి నేను మెక్సికోకి సలహాలు ఇవ్వడం కొంచెం ఓవర్ అని నాకూ తెలుసు. పాస్‌పోర్ట్ కూడా లేదు నాకు. కానీ మనం రేపు రాయబోయే కోడ్ ఇలాంటి చుక్కలే వేస్తుంది. లోన్ ఇవ్వొచ్చా వద్దా, ఈ ఏరియాకి డెలివరీ చెయ్యాలా వద్దా, ఈ మనిషి రిస్కా కాదా. ఒక్క ఇఫ్ కండిషన్ రాసేటప్పుడు అవతల ఎంతమంది ఉంటారో చూసుకోవడం మన పనే. దానికి ఎక్స్‌పీరియన్స్ అక్కర్లేదు, ఒక ప్రశ్న చాలు. అది మా మేడమ్ అడిగారు.

ప్రాజెక్ట్ సబ్మిట్ అయిపోయింది, మార్కులూ పడిపోయాయి. అయినా సెలవుల్లో నేనూ ఆ ఫ్రెండూ కూర్చుని మ్యాప్‌లో ఒక మార్పు చేశాం. ఇప్పుడు చుక్క మీద క్లిక్ చేస్తే రెండు వరుసలు వస్తాయి. మొదటిది, వెళ్లేవాళ్లకి. రెండోది, ఉండేవాళ్లకి. అకపుల్కో మొదటి వరుసలో ఎరుపు అలాగే ఉంచాం. రెండో వరుసలో ఆ సర్వే ప్రశ్నలు, వాటికి ఆ ఊరివాళ్లు చెప్పిన జవాబులు పెట్టాం. మిగతా 199 ఊళ్లలో చాలావాటికి రెండో వరుస ఖాళీగానే ఉంది, ఎందుకంటే అక్కడ ఉండేవాళ్లని అడిగిన డేటా మాకు దొరకలేదు. ఆ ఖాళీలకి ఏ రంగూ వెయ్యలేదు. తెల్లగా వదిలేశాం.

— సీఎస్ఈ, రెండో సంవత్సరం